తెరమీది ద్వంద్వయుద్ధము: కుంగ్‌ఫూ చిత్రములను గూర్చి కొన్ని మాటలు

తెలుగు సంఘము వారి సంచికలో కుంగ్‌ఫూ చిత్రములకు చోటేమని పెద్దలు కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రబంధములను గూర్చియో, త్యాగరాజ కృతులను గూర్చియో వ్రాయవలసిన పుటలలో పిడిగుద్దుల ప్రసక్తి యేల యని వారి యాక్షేపణము. ప్రబంధములయందును కృతులయందును మాకు గల గౌరవము తక్కువది కాదు. కాని బల్లార్‌పూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో తాతయు, తండ్రియు, మనుమడును ఒక్కచోట గూర్చుండి తుదివరకు లేవకుండ చూచెడి చిత్రము లేవియో ఒకసారి ఆలోచింప వేడుచున్నాము. తాతకు తెలుగు తప్ప మరియొకటి రాదు. తండ్రికి తెలుగు, హిందీ, మరాఠీ మూడును వచ్చును. మూడింటను కొంచెము కొంచెము తడబాటును కలదు. మనుమడు బడిలో మరాఠీయో ఆంగ్లమో చదువుకొనుచున్నాడు. తెలుగు చిత్రములో హాస్యసంభాషణము వచ్చినపుడు అందరును నవ్విన తరువాత తాను నవ్వును. అట్టి యింట కుంగ్‌ఫూ చిత్రము పెట్టిన నాడు మువ్వురును ఒక్క క్షణముననే ముందునకు వంగుదురు. చీనాభాష మువ్వురికిని రాదు గనుక మువ్వురును అక్కడ సమానులు.

ఇది చిన్న విషయమని మేము తలంపము. ఐనను భాష అక్కరలేకపోవుట యొక్కటే గుణమైనచో సర్కసు నందును ఆ గుణము కలదు. ఈ చిత్రములలో మంచివి యేవి, అవి మంచివి యగుట కేమి కారణము, మన జానపద చిత్రముల కత్తియుద్ధములతో వాటిని పోల్చినచో ఏమి తేలును అన్నది మా విచారణ.

ముందుగా బ్రూస్ లీ. ఈయనను గూర్చి మాటలాడు వారందరును 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’ తోడనే ప్రారంభింతురు. అద్దముల గదిలోని పోరాటమును తలచుకొని పరవశింతురు. అది సొగసైన దృశ్యమే. అయినను మన యూరివారికి అంతకంటె దగ్గరయైన చిత్రము 1971 నాటి ‘ది బిగ్ బాస్’ అని మా యభిప్రాయము. దర్శకుడు లో వెయ్. చిత్రీకరణము జరిగినది థాయిలాండులోని పాక్‌చోంగ్ అను చిన్న యూరిలో. కథ అతి సామాన్యము. చీనాదేశమునుండి బ్రతుకుతెరువునకై వచ్చిన యువకుడొకడు దాయాదుల యింట దిగి, వారితోపాటు మంచుగడ్డల కార్ఖానాలో కూలికి చేరును. అందరును ఒకే కప్పు క్రింద నివసింతురు, ఒకే కుండలోని అన్నము తిందురు. ఇంటి పెద్దయన్న యెవరితోనైనను న్యాయము మాటలాడి వచ్చును. బొగ్గుగనులలోను, కాగితపు మిల్లులోను పని వెదకికొనుచు, ముందుగా వచ్చిన మేనమామ యింటనో పెదతండ్రి యింటనో తలదాచుకొన్న మన తాతల చరిత్ర మెరిగినవారికి ఈ యిల్లు క్రొత్తది కాదు.

ఆ యువకుని మెడలో తల్లి యిచ్చిన పచ్చరాతి పతకమొకటి యుండును. పరాయిదేశమున ఎవరిపైనను చేయిచేసుకొననని తల్లికిచ్చిన మాటకు అది గుర్తు. చిత్రము ఇంచుమించు సగమగువరకు అతడు పోరాడడు. తనవారు దెబ్బలు తినుచుండగా పిడికిలి బిగించి నిలుచుండును. చేయి పైకి లేచును, పతకము తగులును, చేయి దిగును. ప్రపంచములోని మేటి యోధుని తెరమీద నిలిపి, అతనిని ముప్పాతిక గంటసేపు కదలకుండ నుంచుట యెంతటి సాహసమో యోచింపుడు. తుదకు కార్ఖానాలోని అల్లరిలో ఆ పతకము తెగి విరిగిపడును. ఆ మీద వచ్చు మొదటి దెబ్బకు గల బలము, తరువాతి చిత్రములలోని నూరు దెబ్బలకును లేదు. “మన యూరు గాని యూరు నాయనా, జాగ్రత్త” యని మన యిండ్లలో ఎన్ని మారులు చెప్పలేదు? ఆ మాట వినుచు పెరిగిన పిల్లవానికి ఆ పతకము తెగిన చప్పుడు ఎట్లు వినబడునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ చిత్రములో మరియొక సూక్ష్మము కలదు. విమర్శకులు దానిని తగినంతగా గమనింపలేదనిపించును. అల్లరి ముగిసిన పిదప యాజమాన్యము వారు ఆ యువకునికి శిక్ష విధింపరు. అతనిని మేస్త్రీని చేయుదురు. విందు పెట్టి, మద్యము పోసి, తోటివారికిని అతనికిని నడుమ గోడ కట్టుదురు. మరునాడు దాయాదులు అతనితో మాటలాడరు. బలవంతుని ఓడించుటకు బలము పనికిరానపుడు పదవి పనికివచ్చునన్న సంగతిని ఇంత తక్కువ మాటలలో చూపిన చిత్రములు అరుదు. చివరికి ప్రతినాయకుని చంపిన నాయకుడు పోలీసులకు లొంగిపోవును. గెలుపు గెలుపువలె నుండదు.

‘వే ఆఫ్ ది డ్రాగన్’ (1972) లోను పరదేశవాసమే వస్తువు. రోమునగరములో భోజనశాల నడుపుకొను చీనా కుటుంబమునకు సాయముగా నాయకుడు వచ్చును. అందులోని కొలోసియము పోరాటము, చక్ నోరిస్‌తో జరిగినది, మా లెక్కలో బ్రూస్ లీ పోరాటము లన్నింటిలోను మొదటిది. ఏలయనగా అందులో నాయకుడు తొలుత ఓడిపోవుచుండును. తాను నేర్చిన పద్ధతి పనికిరాదని పోరాటము నడుమ గ్రహించి, అడుగులు మార్చి, లయ మార్చి, గెలుచును. ఆలోచన శరీరములో మారుట కంటికి కనబడును. ఓడినవాడు మరణించినపుడు అతని అంగీని, నడికట్టును తెచ్చి దేహముపై కప్పును. పిల్లిపిల్ల యొకటి పక్కన కూర్చుండి చూచుచుండుట హాస్యమునకో, మరి దేనికో మాకు నేటికిని తేలలేదు. కాని అది లేకున్న వెలితిగా నుండును.

ఇక ‘షావోలిన్ 36వ గది’ (1978). పోరాటముల సంఖ్యను బట్టి చూచువారికి ఇది నిరాశ గొల్పవచ్చును. చిత్రము నడిమిభాగ మంతయు శిక్షణమే. గోర్డన్ లియు ధరించిన సాన్ తె యను విద్యార్థి, మంచూ ప్రభువుల దౌర్జన్యమునుండి తప్పించుకొని మఠము చేరును. అక్కడ 35 గదులు. తొందరపాటుతో అన్నింటికంటె పైగదికి పోయి, క్షణములో బయటపడి, మరల అడుగునుండి మొదలుపెట్టును. భోజనశాలకు పోవలెనన్నచో నీటిపై తేలు కట్టెలమోపు మీద అడుగుపెట్టి దూకవలెను. తడిసినవానికి ఆనాడు పస్తే. రెండు చేతుల బొక్కెనలు పట్టి, చేతులు చాచి, వాలుగోడపైకి నీరు మోయవలెను. భుజములు వాలినచో చేతులకు కట్టిన కత్తులు ప్రక్కటెముకలలో గ్రుచ్చుకొనును. పొడవైన కర్రకొసను బరువు కట్టి, మణికట్టు బలముతో గంట మ్రోగింపవలెను. కదలు క్రొవ్వొత్తిని తల కదల్పక కన్నులతోనే వెంబడింపవలెను.

వీటిలో యుద్ధవిద్య యెక్కడ నున్నది? నీరు మోయుట, బరువెత్తుట, అడుగు తప్పకుండుట: ఇవి కూలిపనులు. దర్శకుడు లౌ కార్-లియుంగ్ గొప్పదన మంతయు నిక్కడనే కలదు. పనియే విద్యయగునని అతడు ఉపన్యసింపడు. పని చేయుచున్న దేహము మెల్లమెల్లగా మారుట మాత్రము చూపును. మిల్లులో మూడుపాళ్ల పని యెరిగినవారు, గనిలోనికి దిగినవారు, ఈ చిత్రమును విద్యావంతులైన విమర్శకులకంటె శ్రద్ధగా చూతురని మా యనుభవము. భుజము నొప్పి వారికి తెలిసిన విషయము. చిత్రము చివర సాన్ తె కోరిక యేమనగా, 36వ గది యొకటి తెరిచి, మఠము వెలుపలి సామాన్యులకు ఈ విద్య నేర్పవలెనని. గురువులు కోపించినట్లు నటించి అతనిని వెడలగొట్టుదురు. ఆ వెడలగొట్టుటయే అనుజ్ఞ. తెలుగు తరగతులకు స్థలము వెదకుకొనుచు తిరిగిన మన సంఘముల వారికి ఈ 36వ గది కథ చమత్కారముగా తోచవచ్చును.

లౌ కార్-లియుంగ్ ఊరక ఈ విషయ మెంచుకొనలేదు. చీనాదేశమున ప్రసిద్ధుడైన వోంగ్ ఫెయ్-హుంగ్ శిష్యుడు లమ్ సాయ్-వింగ్. లమ్ శిష్యుడు ఈ దర్శకుని తండ్రి. అనగా పరంపర తెరపైకి తండ్రి చేతిమీదుగా వచ్చినది. జాకీ చాన్, సమ్మో హుంగ్, యుయెన్ బియావ్ మొదలైనవారు బాల్యమున పెకింగ్ నాటకశాలలో యు జిమ్-యుయెన్ అను కఠినుడైన గురువు క్రింద పెరిగినవారు. పాట, నటన, దొమ్మరి విద్య, కత్తి, కర్ర అన్నియు అక్కడ ఒక్క పాఠమే.

ఇది చదివినపుడు మనవారికి సురభి గుర్తురావలెను. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున ‘కీచకవధ’ ప్రదర్శనముతో మొదలైన ఆ నాటక కుటుంబములలోను బిడ్డలు రంగస్థలము మీదనే పుట్టి పెరిగిరి. తీగెలతో ఆకాశగమనము, రంగముపై మాయలు వారికి వంశవిద్యలు. హాంకాంగువారు తీగెలు కట్టి యోధులను చెట్లపైకి లేపినపుడు లోకము విస్మయపడినది. మన ఘటోత్కచుడు అంతకుముందే లేచియుండెను. వారి నాటకశాలనుండి చలనచిత్రములకు దేహము తరలి వచ్చినది. మన నాటకశాలనుండి చలనచిత్రములకు పద్యము, వేషము, కంఠము తరలి వచ్చినవి, దేహము మాత్రము సగమే వచ్చినది. మన యుద్ధదృశ్యముల లోపములకు మూలమిది యని మా వాదము.

బోధిధర్ముని ప్రస్తావన యిక్కడ తప్పదు. దక్షిణ భారతమునుండి పోయిన బోధిధర్ముడే షావోలిన్ మఠమున యుద్ధవిద్య నెలకొల్పెనని, కనుక కుంగ్‌ఫూ మనదే యని, మన సభలలో ఎవరో యొకరు లేచి చెప్పుట పరిపాటి. అతని జన్మస్థానమును గూర్చి ప్రాచీన చీనా గ్రంథములే ఏకాభిప్రాయము చెప్పవు; యుద్ధవిద్యను అతనికి ముడిపెట్టిన గ్రంథము 17వ శతాబ్దపుది. ఇంతటి బలహీనమైన దారము పట్టుకొని గర్వపడుటకంటె, తెలంగాణములో నేటికిని నేర్పెడి కర్రసామును, మహారాష్ట్రుల మల్లఖాంబమును మన పిల్లలు ఒకసారి కన్నులార చూచుట మేలు.

మన చిత్రములలో మేటి ద్వంద్వయుద్ధ మేది యని అడిగినచో మేము సందేహింపక ‘నర్తనశాల’ (1963) లోని మల్లయుద్ధమును చెప్పుదుము. కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వము. భీముడుగా దండమూడి రాజగోపాలరావు, జీమూతమల్లుడుగా నెల్లూరు కాంతారావు. రాజగోపాలరావుగారు బరువులెత్తు విద్యలో దేశమునకు పేరు తెచ్చిన క్రీడాకారులు. ఇట వేషము వేసికొన్న కండలు కావు. ఇద్దరు బరువైన మనుష్యులు ఒకరినొకరు పట్టుకొన్నపుడు నేల అదరినట్లు తోచును. అంతకంటె ముఖ్యము కథాసందర్భము. భీముడు అజ్ఞాతవాసములో వంటవాడు. గెలువవలెను, కాని తానెవరో తెలియరాదు. బలమును చూపుచునే దాచవలెను. పచ్చరాతి పతకము కట్టుకొన్న ఆ మంచుకార్ఖానా కూలివానికిని, విరటుని కొలువులోని వలలునికిని గల బంధుత్వమును పాఠకులు గుర్తించియే యుందురు. పరాయికొలువున తలవంచుకొని యున్న బలవంతుని కథ తిక్కన కాలము నాడే మనకు తెలిసినది.

జానపద చిత్రముల సంగతి వేరు. విఠలాచార్యగారి చిత్రములన్నచో మాకు ప్రీతి. ‘బందిపోటు’, ‘గురువును మించిన శిష్యుడు’ రెండును 1963 లోనే వచ్చినవి. కాంతారావుగారి కత్తిపట్టులో ఒక దర్పము, మెడ త్రిప్పుటలో ఒక రాజసము కలవు. ‘కత్తి కాంతారావు’ అన్న పేరు ప్రజలు ఊరకే యిచ్చినది కాదు. కాని నిష్పక్షపాతముగా చూచినచో ఆ కత్తియుద్ధములలో కత్తి మ్రోగును గాని కథ కదలదు. మొదటి వ్రేటునకును ఇరువదియవ వ్రేటునకును భేదము కనబడదు. నాయకుడు నేర్చుకొనునది లేదు. ముందే అన్నియు వచ్చును. ‘గురువును మించిన శిష్యుడు’ అన్న చక్కని పేరు పెట్టుకొని, ఆ మించుట యెట్లు జరిగినదో అంగుళమంగుళము చూపు బాధ్యతను మన చిత్రసీమ హాంకాంగువారికి వదలివేసినది.

దానిని స్వీకరించినవాడు యుయెన్ వూ-పింగ్. అతని ‘డ్రంకెన్ మాస్టర్’ (1978) లో శిష్యుడు జాకీ చాన్. బిచ్చగాని వేషములోని గురువు దర్శకుని కన్నతండ్రియే. ఎనమండుగురు మత్తసిద్ధుల పద్ధతులు నేర్పగా, శిష్యుడు ఏడింటిని శ్రద్ధగా నేర్చి, ఎనిమిదవది స్త్రీసిద్ధుని పద్ధతి యని చిన్నచూపు చూచి వదలివేయును. చివరి పోరాటములో ఏడును విఫలమైనపుడు, వదలివేసిన ఆ ఎనిమిదవ పాఠమును అప్పటికప్పుడు తానే కల్పించుకొనవలసివచ్చును. నవ్వించుచునే చెంపపెట్టు పెట్టిన కథనమిది. కళాదృష్టితో దీనిని మించిన హాస్యయుద్ధము లేదు.

కాని ఒక మాట చెప్పక తీరదు. త్రాగుడును శక్తిగా చూపిన ఈ చిత్రమును కార్మికుల యూరిలో నిశ్చింతగా చూచుట కష్టము. మన చంద్రపూర్ జిల్లాలో 2015లో మద్యనిషేధము విధింపబడినది, 2021లో తొలగింపబడినది. ఆ రెండు నిర్ణయములకును నడుమను, ముందును, వెనుకను, మన స్త్రీలు పడిన పాటులు మనమెరుగుదుము. 1994 నాటి రెండవ చిత్రములో జాకీ చాన్ ఈ సంగతి కొంత గ్రహించినట్లున్నాడు. అందు తండ్రి ఈ విద్యను నిషేధించును. త్రాగినవాడు నడివీధిలో అవమానపడును. చివరి పోరాటము ఉక్కు కార్ఖానాలో, నిప్పుల నడుమ, కార్ఖానాలో వాడు సారాయిని త్రాగి సాగును. ఆ పోరాటమున కెన కాగలది జాకీ చాన్ జీవితములోనే మరియొకటి లేదని మా తీర్పు. ఆ సీసా నెత్తిన క్షణమున మాకు కలుగు జంకును ఆ తీర్పులో భాగమే.

వెదురును గూర్చి రెండు మాటలు. మన యూరివారికి వెదురు లారీలమీద వచ్చు సరకు, కాగితమగు గుజ్జు. అట్టి వెదురును దేవాలయ స్తంభములవలె చూపినవాడు కింగ్ హు. ‘ఎ టచ్ ఆఫ్ జెన్’ (1971) లోని వెదురువనపు పోరాటము కొద్ది నిమిషములదే. 1975లో కాన్ చలనచిత్రోత్సవమున ఆ చిత్రమునకు సాంకేతిక బహుమానము లభించినది. ముక్కలు ముక్కలుగా కోసిన చిత్రణము పోరాటమును చెడగొట్టునని సామాన్యముగా చెప్పుదుము. కింగ్ హు ఎవరికంటెను చిన్నముక్కలుగా కోసెను, ఐనను ఎవరు ఎక్కడ నున్నారో మనకు ఒక్క క్షణమైనను మరుపు రాదు. పైనుండి పడుచున్న యోధురాలిని, ఆకులనుండి జారు వెలుతురును ఒకే శ్వాసలో చూపెను. స్త్రీలకు కత్తి నిచ్చి, దానికి తగిన మౌనమును కూడ ఇచ్చినవాడతడు. అతని 1966 నాటి ‘కమ్ డ్రింక్ విత్ మీ’ లో చెంగ్ పెయ్-పెయ్ సత్రములో కూర్చుండి దొంగల నెదుర్కొను తీరు చూడుడు. తక్కిన కుంగ్‌ఫూ చిత్రములలో స్త్రీలు ఏడ్చుటకు, అపహరింపబడుటకు మాత్రమే యుందురన్న నింద న్యాయమైనదే.

త్సుయ్ హార్క్ తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా’ (1991) లోను నిచ్చెనలపై ఒక పోరాటము కలదు. జెట్ లీ అందులో వోంగ్ ఫెయ్-హుంగ్. ఎదిరి, యిమ్ అను ముదిరిన గురువు. ఊరుగాని యూరికి వచ్చి, వీధిలో విద్య ప్రదర్శించి పొట్టపోసికొనువాడు, ఒక పాఠశాల తెరువవలెనన్న ఆశతో కుమార్గుల పాలబడినవాడు. నిచ్చెనలమీది సమరమును అందరును మెచ్చుకొందురు. మమ్ము వెంబడించునది దాని తరువాతి దృశ్యము: ఆ యిమ్ తుపాకిగుండ్లకు కూలి, ఎంత సాధనచేసిన దేహమైనను తుపాకికి నిలువలేదని చెప్పి కన్నుమూయును. కుంగ్‌ఫూ చిత్రము తన విద్య యొక్క హద్దును తానే ఒప్పుకొన్న ఘట్టమిది.

1980ల తెలుగు చిత్రములలో భానుచందర్, సుమన్ కరాటేను తెచ్చిరి. అది కొంతకాలపు ముచ్చట. ‘తమ్ముడు’ (1999) లో పవన్ కల్యాణ్ కష్టపడి సాధన చేయుట నిజమే, కాని అక్కడ శిక్షణము ఒక పాటలో ముగిసినది. షావోలిన్ చిత్రములో కథయైనది మనకు పాటయగును. ఈ భేదము చిన్నది కాదు. రాజమౌళిగారి ‘మగధీర’ (2009) లో నూరుగురితో కాలభైరవుని పోరాటమును మేము మెచ్చుకొందుము. వంతెన యిరుకు, శత్రువుల సంఖ్య ముందే నిర్ణయము, లెక్క జరుగుచుండును, అలసట కనబడును. ఆ పిమ్మటి మన చిత్రములు ఆ లెక్కను విడిచి నూరుగురిని మాత్రము ఉంచుకొన్నవి. చేయి తగులకముందే మనుష్యులు గాలిలోనికి ఎగురుచున్నారు. తాత నిద్రించుచున్నాడు, మనుమడు చేతిలోని ఫోను చూచుచున్నాడు.

వేసవి సెలవులలో పిల్లలకు చూపుట కెద్ది తగునని అడుగువారికి మా సలహా యిది. మొదట ‘నర్తనశాల’లోని మల్లయుద్ధము, తాత ప్రక్కన నుండి ఎవరు ఎవరో చెప్పుచుండగా. మరునాడు ‘షావోలిన్ 36వ గది’, ఎవరును ఏమియు చెప్పకుండ. ‘ది బిగ్ బాస్’లో పెద్దలకు మాత్రమే తగిన దృశ్యములు కొన్ని యున్నవి, పిల్లలు పనికి పోవు వయస్సు వచ్చువరకు దానిని ఆపవచ్చును.